4×8 కిట్ మీద సొంతంగా కట్టిన టియర్‌డ్రాప్ ట్రైలర్: ఏళ్లు వాడాక సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. తక్కువ ఖర్చులో టియర్‌డ్రాప్ (కారు వెనక లాక్కెళ్లే, లోపల పడుకోవడానికి పరుపు, వెనక మూత ఎత్తితే వంటిల్లు ఉండే చిన్న ట్రైలర్) కట్టేటప్పుడు చెక్క పని ఓ మోస్తరుగా ఉన్నా నెట్టుకొస్తుంది. చక్రాలు, నీరు దిగకుండా చేసే ఏర్పాట్లు అలా కాదు. ఈ రెండిట్లో డబ్బు మిగుల్చుకున్నవాళ్లు మూడో ఏడాదికల్లా అంతకు రెట్టింపు పెట్టాల్సి వస్తుంది. అమెరికాలో ఇలాంటి కొత్త ట్రైలర్ కొనాలంటే పది వేల డాలర్లు సులువుగా దాటుతుంది. సొంతంగా కడితే పరుపు, ఫ్యాను, బ్యాటరీ అన్నీ కలిపి మూడు వేలకు అటూ ఇటూ తేలుతుంది. స్టేట్ పార్కుల్లో టెంటు వేసి వేసి విసిగిన తెలుగు కుటుంబాల్లో దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, కట్టే విధానంతో పాటు వాడకంలో ఏది నిలిచిందో, ఏది పాడైందో వివరంగా రాస్తున్నాను.

ఆధారం బోల్టులతో బిగించుకునే 4×8 అడుగుల మడత ట్రైలర్ కిట్. ఇందులో 8 అంగుళాల చక్రాల రకం, 12 అంగుళాల రకం రెండూ దొరుకుతాయి. చవక అని 8 అంగుళాలది తీసుకోవద్దు. చిన్న చక్రం హైవే మీద మరీ వేగంగా తిరుగుతుంది, బేరింగులు వేడెక్కుతాయి. 12 అంగుళాల చక్రాలతో 1720 పౌండ్లు మోసే రకం సరిపోతుంది. కట్టడం పూర్తయ్యాక ఖాళీ బరువు 700 పౌండ్ల దగ్గర, సామాను ఎక్కించాక 900 నుంచి 1000 మధ్య ఉంటుంది. హోండా సీఆర్‌వీ లాంటి 1500 పౌండ్లు లాగే బండికి ఇది హద్దులోనే ఉంది. కానీ పెద్ద కూలరు, నీళ్ల డబ్బాలు, సైకిళ్లు అంటూ పెంచుకుంటూ పోతే ఆ హద్దు చాలా త్వరగా దగ్గరపడుతుంది.

కిట్‌ను పెట్టెలోంచి తీసింది తీసినట్టు బిగించేస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది మధ్యలో ఉన్న మడత. మనకు మడతతో పని లేదు. ఆ కీళ్లు వదిలేసి, ఫ్రేము రెండు ముక్కలనూ స్టీల్ ప్లేట్లతో, లాక్ నట్లతో గట్టిగా కలిపేయాలి. రెండోది, ముందున్న టంగ్ (బండికి తగిలించే పొడుగు కడ్డీ) పొట్టిగా ఉంటుంది. పొట్టి ట్రైలర్‌ను రివర్స్ చేస్తుంటే స్టీరింగ్ కొంచెం తిప్పినా అది అడ్డం తిరిగిపోతుంది. బండి వెనక తలుపు తెరిస్తే ట్రైలర్ మూతికి తగులుతుంది. 2×3 అంగుళాల స్టీల్ ట్యూబు, 3/16 అంగుళం మందం గోడ ఉన్నది, వెల్డింగ్ షాపులో కోయించి వేసుకుంటే రెండు బాధలూ పోతాయి. దానికి 2 అంగుళాల బాల్ (బండి వెనకుండే ఇనుప గుండు) పట్టే కప్లర్ (ఆ బాల్ మీద కూర్చునే కొక్కెం) పెట్టండి. కిట్‌తో వచ్చేది చాలాసార్లు 1-7/8 అంగుళాలది. రెండు అంగుళాల కప్లర్‌ను 1-7/8 బాల్ మీద పెట్టినా కూర్చున్నట్టే కనిపిస్తుంది, గుంట తగిలితే ఎగిరి బయటకొస్తుంది. కాబట్టి బండికి ఉన్న బాల్ సైజు దాని మీద చదివి చూడాలి.

బేరింగుల విషయంలో ఎంత చెప్పినా తక్కువే. కిట్‌లో వాటికి పూసి వచ్చేది చాలాసార్లు తుప్పు పట్టకుండా ఉంచే పూత మాత్రమే, గ్రీజు కాదు. మినరల్ స్పిరిట్స్‌తో (పెయింటు పలచన చేసే ద్రావకం) కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వీల్ బేరింగులకు పనికొచ్చే లిథియం కాంప్లెక్స్ గ్రీజును అరచేతిలో వేసుకుని, రోలర్ల మధ్యలోంచి అవతలికి వచ్చేదాకా కూరాలి. క్యాజిల్ నట్‌ను (ఇరుసు చివర ఉండే గాళ్ల నట్టు) చక్రం తిప్పుతూ బిగించి, తర్వాత వదులు చేసి, వేళ్లతో మళ్లీ ఆనించి, కాటర్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను) దూరే గాడి దగ్గర ఆపాలి. బిగువుగా వదిలేస్తే బేరింగు కాలుతుంది, మరీ వదులైతే చక్రం ఊగుతుంది. రోడ్డెక్కాక మొదటి 15-20 మైళ్లకే ఆపి హబ్ (బేరింగులుండే చక్రం మధ్య భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే ముందుకు వెళ్లొద్దు. వీల్ నట్లు కూడా మొదటి 50-100 మైళ్లకు మళ్లీ బిగించాలి. ఏడాదికోసారి గ్రీజు మారుస్తూ ఉన్నంతకాలం ఈ చవక బేరింగులు ఏ పేచీ పెట్టలేదు.

టైర్లు 4.80-12 సైజు. లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) బి అయితే 60 పీఎస్‌ఐ దగ్గర 785 పౌండ్లు, సి అయితే 90 పీఎస్‌ఐ దగ్గర 990 పౌండ్లు మోస్తాయి. సి తీసుకోండి, అయితే రిమ్ కూడా ఆ ఒత్తిడికి తగినదేనా అని చూసుకోవాలి. కారు టైరులా 35 పీఎస్‌ఐ చాలనుకుంటే పక్కగోడలు వేడెక్కి పగులుతాయి. ట్రైలర్ టైరు అరగకుండానే ముసలిదవుతుంది. టైరు పక్కన ముద్రించి ఉండే డాట్ (DOT) కోడులో చివరి నాలుగు అంకెలు చూస్తే తయారైన వారం, సంవత్సరం తెలుస్తాయి. 2321 అంటే 2021లో 23వ వారం. అయిదేళ్లు దాటితే గాట్లు బాగున్నా మార్చేయడమే మంచిది. ఈ టైర్లలో ఎక్కువ వాటికి హద్దు గంటకు 65 మైళ్లు. కాలిఫోర్నియాలోనైతే ట్రైలర్ లాగే ఏ బండికైనా చట్టం ప్రకారమే 55.

లైట్లు వెలగకపోతే పదింట తొమ్మిదిసార్లు తప్పు గ్రౌండుదే (కరెంటు తిరిగి వెళ్లే దారి). నాలుగు పిన్నుల ప్లగ్గులో తెలుపు గ్రౌండు, బ్రౌను టెయిల్ లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. కిట్ పద్ధతిలో గ్రౌండు ఫ్రేము మీదుగా పోతుంది, పెయింటు వేసిన బోల్టుల దగ్గర అది తెగుతుంది. ప్రతి లైటుకూ విడిగా తెల్ల వైరు లాగి ఒకేచోట కలిపితే ఆ గొడవ తీరిపోతుంది.

ఇక ఫ్రేము మీద కట్టే పెట్టె సంగతి. అడుగుకు 3/4 అంగుళం ప్లైవుడ్ వాడితే షీటే 60-70 పౌండ్లు తూగుతుంది. 1/2 అంగుళం షీటు 40-45 పౌండ్లే, కింద ఫ్రేము అడ్డపట్టీలు ఉన్నాయి కాబట్టి సరిపోతుంది. ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ జోలికి పోవద్దు. తడిగా అమ్ముతారు, ఎండితే వంకర పోతుంది, అందులోని రాగి అల్యూమినియంను తినేస్తుంది. అడుగు వైపు ఇంటి కప్పులకు పూసే తారు ఎమల్షన్ రెండు పూతలు వేస్తే చాలు. అంచుల్ని మాత్రం తారుతో వదిలేయకూడదు. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల నుంచే. నూనె ఆధారిత పాలీయురేథేన్‌లో సమానంగా మినరల్ స్పిరిట్స్ కలిపి, అంచు ఇక పీల్చుకోనంతవరకూ పూస్తూనే ఉండాలి. ఆ తర్వాత చిక్కటి పూతలు రెండు. ప్రతి బోల్టు కన్నం లోపల కూడా ఇదే చేయాలి. వాడిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

ఈ ట్రైలర్‌లో నాకున్న అసలైన అసంతృప్తి వెడల్పు. 48 అంగుళాల్లో రెండు గోడలూ పోతే లోపల 46.5 మిగులుతుంది. ఫుల్ సైజు పరుపు 54 అంగుళాలు, పట్టదు. ఫోము కోసుకోవాల్సిందే. ఇద్దరు పెద్దవాళ్లు సర్దుకోగలరు. చిన్న పిల్ల మధ్యలో చేరితే ఎవరికీ నిద్ర ఉండదు. ఇంట్లో మూడో మనిషి ఉంటే పెట్టెను చక్రాల పైదాకా జరిపి 5 అడుగుల వెడల్పు చేయండి. నేల కాస్త ఎత్తు పెరుగుతుంది, గాలికి లాగుడు పెరుగుతుంది, కానీ క్వీన్ పరుపు కాస్త నొక్కితే పడుతుంది. గరాజ్‌లో పెట్టాలంటే కప్పు మీది గాలి వెంటు మూతతో సహా ఎత్తు 7 అడుగులు మించకుండా చూసుకోండి.

కప్పుకు రెండు దారులున్నాయి. అల్యూమినియం రేకు అందంగా ఉంటుంది, ఖర్చెక్కువ. 8 అడుగుల రేకు 100 ఫారన్‌హీట్ డిగ్రీల తేడాకు దాదాపు 1/8 అంగుళం సాగుతుంది. చెక్క అంత సాగదు. అందుకే రేకును మొత్తం గమ్‌తో అతికిస్తే టెక్సాస్ ఎండకు ఉబ్బుతుంది. అంచు పట్టీల కింద మాత్రమే పట్టి ఉంచాలి. రెండో దారి కాన్వాస్. ఇది నాకు బాగా నచ్చింది. పెయింటర్లు నేల మీద పరిచే 9×12 నూలు కాన్వాస్ తీసుకుని, టైట్‌బాండ్ 2 గమ్ మూడు పాళ్లకు నీళ్లు ఒక పాలు కలిపి రోలర్‌తో కప్పు మీద పూసి, గుడ్డ పరిచి, పైన మళ్లీ అదే పూయాలి. ఆరాక ఎక్కడైనా బుడగ లేస్తే ఇస్త్రీ పెట్టెతో ఒత్తండి, ఆ గమ్ వేడికి మళ్లీ మెత్తబడి అతుక్కుంటుంది. బయటి గోడలకు వేసే లేటెక్స్ పెయింటును నాలుగో వంతు నీళ్లతో పలచన చేసి మొదటి పూత వేస్తే నేతలోకి ఇంకుతుంది. దాని మీద చిక్కటి పూతలు మూడు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ ఓ పూత వేయాలి, అదొక్కటే దీనికి చేయాల్సిన సేవ. దెబ్బతిన్నది ఎక్కడంటే, వెంటు ముందు నీళ్లు నిలిచే చోట, స్క్రూ తలల చుట్టూ. కప్పు మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా కట్టి, కాన్వాస్‌ను అంచుల మీంచి గోడలకు మడిచి, స్క్రూలన్నీ కాన్వాస్ కిందే ఉండేలా చూస్తే ఈ రెండూ ఉండవు.

సిలికాన్ సీలంట్ ఎక్కడా వాడొద్దు. దాని మీద పెయింటు అంటదు, ఊడితే మళ్లీ సిలికాన్ కూడా సరిగా అంటదు. పట్టీల కింద, తలుపు చట్రం కింద, వెంటు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వేయాలి. రెండు మూడు ఎండ రోజులు గడిచాక అది నలిగి బయటికి వస్తుంది, అప్పుడు స్క్రూలు మరోసారి బిగించాలి. వెనక వంటింటి మూతకు పొడుగునా ఒకటే అల్యూమినియం హరికేన్ హింజ్ (నీరు దిగనివ్వని కీలు) వేసుకోవడం ఈ ట్రైలర్‌లో పెట్టిన డబ్బుల్లో అన్నిటికన్నా సార్థకమైనది. మామూలు పియానో హింజ్ కింద రబ్బరు పెట్టినా కారుతూనే ఉంటుంది. వంచిన మూత విప్పగానే తిన్నగా అవ్వాలని చూస్తుంది. లోపలి ప్లైవుడ్, బయటి ప్లైవుడ్ రెండూ ట్రైలర్ మీదే ఉంచి, పట్టీలతో కట్టి అతికిస్తే ఆకారం నిలుస్తుంది. మూతను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లను మిగతా పనులన్నీ అయ్యాకే కొనండి. మూత అసలు బరువు అప్పటికి గానీ తెలియదు.

ఇద్దరి ఊపిరికే రాత్రికి అర లీటరు పైగా నీరు గాల్లో చేరుతుంది. 14×14 అంగుళాల ఫ్యాను వెంటు తప్పనిసరి, దానితో పాటు కింద ఎక్కడో ఒక కిటికీ రెండు అంగుళాలు తెరిచి ఉండాలి. చలికాలంలో పరుపు అడుగున బూజు పట్టేది ఈ తేమకే. పరుపు కింద చెక్క పట్టీలో, గాలాడే జాలీ మ్యాటో వేస్తే పోతుంది. ఫ్యాను తక్కువ వేగంలో ఒక ఆంపియరు కూడా తినదు కాబట్టి ఫ్రిజ్ లేకపోతే 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వారాంతానికి పుష్కలం. గడ్డకట్టే చలిలో దాన్ని చార్జింగ్‌కు పెట్టకూడదు. ఫ్యూజు ప్లస్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి.

వెనక వంటింటి గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గట్టు ఎత్తు 34-36 అంగుళాలు పెట్టుకున్నా, తెరిచిన మూత తల మీదే ఉంటుంది. పోపు వేస్తే నూనె ఆవిరంతా ఆ మూత లోపలి చెక్కకు పట్టి, తర్వాతి వేసవికి జిడ్డు, వాసన. మూత లోపలికి పాలీయురేథేన్ మూడు పూతలు వేయండి, లేదా పోపు, వేపుళ్లకు స్టవ్‌ను బయట బల్ల మీదికి మార్చండి. ఇడ్లీ పాత్ర, కుక్కరు పట్టాలంటే అరల మధ్య 12 అంగుళాలు కావాలి. పరుపున్న గదిలో మాత్రం వానొచ్చినా స్టవ్ వెలిగించకూడదు, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

ఆ వంటిల్లు ఇరుసుకు వెనక ఉండటమే ఇంకో చిక్కు. కూలరు, అయిదు గ్యాలన్ల నీళ్లు (సుమారు 42 పౌండ్లు) అన్నీ వెనక పెడితే టంగ్ తేలికవుతుంది, గంటకు 60 మైళ్ల వేగం దగ్గర ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. టంగ్ మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. కప్లర్ కింద చెక్క దిమ్మ, దాని కింద బాత్రూం తూకం పెట్టి, ట్రైలర్ సమంగా ఉండగా, సామాను నిండా ఎక్కించాక తూచండి. బండి బుక్‌లో టంగ్ బరువుకు వేరే హద్దు ఉంటుంది, అదీ దాటకూడదు. బ్యాటరీ పెట్టెను టంగ్ మీదికి, నీళ్ల డబ్బాలను పరుపు ముందు భాగానికి మారిస్తే లెక్క సరిపోతుంది.

కాగితాల పని ప్లైవుడ్ కోయకముందే మొదలవ్వాలి. కిట్‌తో వచ్చే తయారీదారు సర్టిఫికెట్, బిల్లులు జాగ్రత్త చేయండి. టెక్సాస్‌లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసు, చాలా రాష్ట్రాల్లో డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇవి అడుగుతాయి. ఫ్రేము ఒక్కటే ఉన్నప్పుడు యుటిలిటీ ట్రైలర్‌గా రిజిస్టర్ చేసుకుని తర్వాత పెట్టె కట్టినవాళ్లు, కొన్ని చోట్ల రకం మార్పు కోసం మళ్లీ తిరగాల్సి వస్తుంది కాబట్టి మీ రాష్ట్రం నియమం ముందే అడగండి. ఇన్సూరెన్సులో కారు పాలసీ సాధారణంగా లాగుతున్న ట్రైలర్ వల్ల ఇతరులకు జరిగే నష్టం వరకే వస్తుంది. ట్రైలర్ దొంగతనానికి, వడగళ్లకు విడిగా కవరేజీ తీసుకోవాలి, అందుకు కంపెనీవాళ్లు కట్టిన ప్రతి దశ ఫొటోలూ, ప్రతి రసీదూ అడుగుతారు.