యోసెమిటీలో ‘సర్‌ప్రైజ్ ప్రపోజల్’ ప్యాకేజీ కొనేవాళ్ళు జాగ్రత్త. ఆ ఫోటోలో ఉన్నది మేమే

నిన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. "అన్నయ్యా, ఇది నువ్వూ వదినా కదూ?" అని. మేమే. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, టాఫ్ట్ పాయింట్ అనే కొండ అంచు బండ మీద ఇద్దరం నడుం వంచి ఏదో ఏరుకుంటున్నాం. వెనక ఆకాశం ఎర్రగా, చాలా బాగుంది. మాకు ఆ ప్యాకేజీ అమ్మిన ఫోటోగ్రాఫర్ తన పేజీలో దాని కింద "మరో హ్యాపీ జంట! తను ఎస్ చెప్పేసింది!" అని రాసి మూడు ఉంగరం బొమ్మలు పెట్టాడు. అప్పటికే నాలుగొందల లైకులు.

మేం ఏరుకుంటున్నవి వాడు చల్లిపోయిన ప్లాస్టిక్ గులాబీ రేకులు. అప్పటికి నేను వాడికి 525 డాలర్లు కట్టి ఉన్నాను. కెమెరా మాత్రం బ్యాగులోంచి బయటికి రాలేదు. ఇది వాడు వెళ్ళిపోతూ ఫోనుతో తీసిన ఫోటో.

పేరు రాయను. బే ఏరియాలో ఉన్నవాళ్ళకి రాయక్కర్లేదు కూడా. సీమంతం, హాఫ్ శారీ ఫంక్షన్, బర్త్‌డే, ఏ సందర్భం వచ్చినా ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతుందే, ఆ గులాబీ రంగు ఫ్లయర్. ఆ పేజీ వాళ్ళే. ఇప్పుడు కొత్తగా నేషనల్ పార్కుల్లో ప్రపోజల్స్ మొదలెట్టారు.

బ్యాక్‌గ్రౌండ్ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది పెద్దలు కుదిర్చిన సంబంధమే. గుంటూరులో రెండు ఇళ్ళవాళ్ళూ మాట్లాడుకుని ముహూర్తాలు కూడా చూసేశారు. నేను ఫ్రీమాంట్, తను శాక్రమెంటో, ఈ ఏడాదిగా వారం వారం కలుసుకుంటూనే ఉన్నాం. ఒకరోజు దోసెలు తింటూ నవ్వుతూనే అంది: "మీ నాన్న మా నాన్నని అడిగారు, మా నాన్న మా మావయ్యని అడిగారు, పంతులుగారిని కూడా అడిగారు. నన్నే ఎవరూ అడగలేదు." సరదాకే అంది. కానీ అది నా బుర్రలోంచి పోలేదు. సరే, నేనే అడుగుతాను, పద్ధతిగా అడుగుతాను అనుకున్నాను. ఇంతే కథ.

టాఫ్ట్ పాయింటే ఎందుకంటే, 2018 అక్టోబరులో ఒక ఫోటోగ్రాఫర్ ఎక్కడో దూరం నుంచి, అక్కడ ఎవరో ఒకతను మోకాలి మీద కూర్చుని ఉంగరం ఇస్తుండగా తీసిన ఫోటో లోకమంతా తిరిగింది గుర్తుందా? ఆ అంచు అదే. తనకి ఆ ఫోటో ఇష్టం. అదే నెలలో మన దేశపు జంట ఒకటి ఆ చోటు నుంచే పడి చనిపోయింది కూడా. ఒక్క చోట చిన్న కమ్మీ తప్ప అడ్డంటూ ఏమీ లేదు. కింద వ్యాలీ 3,000 అడుగులకు పైగా లోతు. అందుకే ట్రైపాడ్ పెట్టి వెనక్కి వెనక్కి నడిచే సాహసాలు చేయకుండా, చోటు తెలిసిన మనిషి ఉంటే మంచిదని డబ్బు పెట్టాను. పైగా మనవాళ్ళు. "అన్నా, మీరు టెన్షన్ పడకండి, అంతా నేను చూసుకుంటా" అని గుంటూరు యాసలో అంటే కరిగిపోయాను. మార్కెట్లో కొత్తిమీర కట్టకి నాలుగు బండ్లు తిరిగే మా అమ్మ కడుపున పుట్టాను నేను. ఏం లాభం.

ప్యాకేజీ 900. డ్రోన్ షాటుకి ఇంకో 150. సగం అడ్వాన్సు, మిగతా సగం ఫోటోలు చేతికొచ్చాక, అని ఫోన్లో మాట. అడ్వాన్సు జెల్లే (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే సర్వీసు) చేయమన్నాడు. చేశాను.

ఇక్కడ నా తెలివి గురించి కాస్త చెప్పుకోవాలి. నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయడం 2014 నుంచీ నిషేధం. పట్టుకుంటే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఇది ఫెడరల్ భూమి. హెచ్1బి వీసా మీద ఉన్నవాణ్ణి, ఆ డ్రోను కోసం 75 డాలర్లు ముందే కట్టాను! వెనకాల యోసెమిటీ ఫాల్స్ దూకుతూ కనిపిస్తుందని ఫ్లయర్‌లో బొమ్మ. మేం వెళ్ళింది సెప్టెంబరులో. మంచు కరిగి వచ్చే నీళ్ళతో దూకే జలపాతం అది, ఎండాకాలం చివరికి చాలా ఏళ్ళు ఎండిపోయే ఉంటుంది. మేం వెళ్ళేసరికి బండ మీద నల్లటి చారిక మిగిలింది. ఒక్క నిమిషం గూగుల్ చేసి ఉంటే తెలిసేది. రోజంతా ప్రొడక్షన్‌లో బగ్గులు వెతికే ఉద్యోగం నాది.

సరే, ఆ రోజు. శనివారం. సూర్యాస్తమయం ఏడూ పదికి. గ్లేసియర్ పాయింట్ రోడ్డులో పార్కింగ్ కోసం నలభై నిమిషాలు తిరిగి, తనకి "సన్‌సెట్ చూసొద్దాం" అని మాత్రం చెప్పి, ఆరింటికి నడక మొదలుపెట్టాం. వెళ్ళడం ఒక మైలు పైచిలుకు. దారి పొడుగునా జేబులో డబ్బీ తడుముకుంటూనే ఉన్నాను.

వాడితో అనుకున్న ప్లాన్ ఇది. వాడు మామూలు టూరిస్టులా దూరంగా నిలబడతాడు. నేను షూ లేసు కట్టుకోవడానికి వంగుతాను. అదే సిగ్నల్. వాడు తీయడం మొదలుపెడతాడు, నేను తలెత్తి అడుగుతాను. ఒక్క మాట మాట్లాడే పని లేదు. ఈ ముక్క ఫోన్లో నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. "నోట్ చేసుకున్నా అన్నా" అన్నాడు.

పైకి వెళ్ళేసరికి బండ మీద ఎర్ర రేకులు పరిచి ఉన్నాయి. తను చూసి, "ఛీ, ఎవరు పారేశారో చూడు, ఇంత మంచి చోట" అంది. నేను "అవును, మనుషులకి బుద్ధి లేదు" అన్నాను.

ఏడు అయింది. ఎల్ కాపిటన్ కొండ పక్కన వెలుతురు పసుపు నుంచి నారింజకి తిరిగింది. అక్కడ పది పదిహేను మంది ఉన్నా ఎవరూ మాట్లాడటం లేదు, గాలి చప్పుడొకటే. వాడు పదిహేను అడుగుల దూరంలో నల్ల టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వంగాను. ఒక మోకాలు బండకి ఆన్చాను. రాయి ఇంకా ఎండకి వెచ్చగా ఉంది. చెయ్యి జేబులోకి పోయింది, డబ్బీ మూత వేలికి తగిలింది. తను లోయ వైపు చూస్తోంది, నా వైపు తిరగబోతోంది.

"అన్నా! ఏడింటి ప్రపోజల్ మీదేనా?"

గట్టిగా. తెలుగులో. బస్టాండులో ప్యాసింజర్ని పిలిచినట్టు.

నేను తలెత్తలేదు. వినపడనట్టు లేసు లాగాను. వాడు దగ్గరికొచ్చేశాడు. "బ్యాలెన్స్ పెండింగ్ ఉందన్నా. 525. పార్కు పర్మిట్ ఫీజు ఇంకో 200. అది కొట్టేస్తే మొదలెట్టేద్దాం, లైట్ పోతోంది."

తను నా వైపు చూసింది. నేను మోకాలి మీద ఉన్నాను. నా చెయ్యి జేబులో ఉంది. అందరికీ అన్నీ అర్థమైపోయే భంగిమ అది. ఇంగ్లీషులో మెల్లగా అడిగినా ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణేమో. మనవాడని ఏరి కోరి పెట్టుకున్నందుకు ప్రతి ముక్కా తనకి అర్థమయ్యేలా చెప్పాడు. నా నోటి నుంచి రావాల్సిన మాట. నెల రోజులు స్నానం చేస్తూ, కారు నడుపుతూ ప్రాక్టీస్ చేసుకున్న మాట. చివరికి తన చెవిన పడింది "బ్యాలెన్స్ పెండింగ్" అని.

నేను లేచి, పక్కకి తీసుకెళ్ళి, ఫోటోలు ఇచ్చాక కదా అన్నాను. "అది పాత పాలసీ" అన్నాడు. సరే, ఏడుపు మింగి ఇచ్చేద్దామనుకుంటే నా ఫోన్లో సిగ్నల్ లేదు. నూట పాతికేళ్ళకి పైబడ్డ పార్కులో, గ్రానైటు బండ మీద, ఉంగరం జేబులో పెట్టుకుని, ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని జెల్లే కోసం తిరిగాను. ఇది నేను చేశాను, ఎవరో కాదు. "కిందకి వెళ్ళగానే పంపిస్తా, ముందు తియ్యి తమ్ముడూ" అన్నాను. బతిమాలాను అనే చెప్పాలి. "కిందకెళ్ళాక ఎవరు పంపుతారన్నా, నాకు చాలా అనుభవాలున్నాయి" అన్నాడు. బ్యాగు జిప్పు కూడా తీయలేదు. నా అడ్వాన్సు వాడి దగ్గరుంది, నమ్మకం లేనిది వాడికి!

ఈలోగా సూర్యుడు దిగిపోయాడు. "లైట్ పోయిందన్నా, నాకు రేపు పొద్దున్నే ఇంకో షూట్ ఉంది" అని బయల్దేరాడు. రేకులో అంటే, "అవి మీ ప్యాకేజీలోవే, మీవే" అన్నాడు.

ఒక పెద్దావిడ, అమెరికన్, కర్రలు పట్టుకుని వచ్చింది, మా దగ్గర ఆగి చాలా మర్యాదగా "ఇవి మీవేనా? ఇక్కడ వదిలేస్తే రేంజర్లు జరిమానా టికెట్ ఇస్తారు" అంది. మళ్ళీ నాకు హెచ్1బి గుర్తొచ్చింది. ఏరడం మొదలుపెట్టాను. టాఫ్ట్ పాయింట్ దగ్గర బండలో నిలువునా లోతైన పగుళ్ళుంటాయి, చూసినవాళ్ళకి తెలుసు. గాలికి కొన్ని వాటిల్లోకి పోయాయి, ఇక అవి అక్కడే. మిగతావి తనూ నేనూ ఏరాం. కాసేపటికి ఫోన్ టార్చ్ వేసుకుని ఏరాం. నా టోపీ నిండింది. తను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, "నేను ఇందాక తిట్టింది మనల్నేనన్నమాట" అంది. వాడు వెనక్కి తిరిగి ఫోటో తీసింది అప్పుడే అయ్యుండాలి.

చీకట్లో దిగి పార్కింగ్ దగ్గరికొచ్చాం. పులిహోర డబ్బా కారులో పెట్టకూడదని (చీకటి పడ్డాక కారులో తిండి ఉంటే ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి, అదొక రూలు) ఇనప బేర్ లాకర్లో ముందే పెట్టి వెళ్ళాం. తను దాని గడియతో కుస్తీ పడుతూ, "అడుగుతావా అడగవా, ఆకలేస్తోంది" అంది. పక్కనే మరుగుదొడ్డి, ఆ కంపు. అక్కడ అడిగాను. జవాబు మాకు మాకు సంబంధించింది, ఆ పేజీకి కాదు.

ఆదివారం వాడికి మర్యాదగానే మెసేజ్ పెట్టాను, అడ్వాన్సు తిరిగిమ్మని. అప్పటిదాకా 'అన్నా' అన్నవాడు 'సర్'లోకి దిగాడు. "పేమెంట్ డిలే క్లయింట్ సైడ్ నుంచి జరిగింది సర్, నో రీఫండ్." అగ్రిమెంటులో పదకొండో పాయింటు చూసుకోమన్నాడు. చూస్తే నిజంగానే ఉంది, ఫోటోలు తీయకముందే మొత్తం కట్టాలని. చదవకుండా సంతకం పెట్టింది నేనే. పర్మిట్ కాగితం చూపించమన్నాను. దానికి వచ్చిన జవాబు: "మీ ప్రపోజల్ ఫెయిలైతే నా తప్పా సర్?" ఆ తర్వాత బ్లాక్.

ఆ పర్మిట్ సంగతి తర్వాత చదివాను. యోసెమిటీలో పెళ్ళి తంతు చేసుకోవాలంటే స్పెషల్ యూజ్ పర్మిట్ కావాలి, దానికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, కాగితం చేతికొస్తుంది. మోకాలి మీద కూర్చుని ఒక మనిషి ఇంకో మనిషిని ఒక మాట అడగడం పెళ్ళి తంతు కాదు. ఆ 200 ఎవరి ఫీజో మీరే ఊహించుకోండి.

బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీ చేత్తో మీరే పంపారు కాబట్టి మేం చేసేదేం లేదన్నారు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే డిస్ప్యూట్ అయినా వేసేవాణ్ణి. మా టీమ్‌లో ఒకబ్బాయి ముందే చెప్పాడు, జెల్లే అంటే చేతికి నగదు ఇచ్చినట్టే అని. "మనవాళ్ళేలే" అన్నాను వాడితో.

అడగబోయేవాళ్ళ కోసం: కార్డు తీసుకోనంటే వదిలేయండి. డ్రోన్, రేకులు, బెలూన్లు అని ఫ్లయర్‌లో ఉంటే వాళ్ళకి పార్కు రూల్సు తెలియవని లెక్క, లేదా మీకు తెలియవని వాళ్ళ లెక్క. నెల చూసుకోండి. గ్లేసియర్ పాయింట్ రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది, దానికీ అడ్వాన్సులు తీసుకుంటున్నారని విన్నాను. అసలు మీ ఫ్రెండునొకణ్ణి తీసుకెళ్ళండి, పులిహోర పెడితే వస్తాడు.

స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కోర్టులో, కేసు వేస్తున్నాం. ఇంత చిన్న మొత్తానికి కాలిఫోర్నియాలో ఫైలింగ్ ఫీజు 30 డాలర్లే. ఫారం తనే నింపుతోంది, నాకు సంతకాలు పెట్టే హక్కు ప్రస్తుతానికి లేదట. ఒక్కచోటే ఆగింది: ఎవరి మీద వేస్తున్నామో వాళ్ళ అసలు పేరు, అడ్రసు కావాలి. మా దగ్గరున్నది ఒక పేజీ పేరూ, మమ్మల్ని బ్లాక్ చేసిన ఒక నంబరూ. వాళ్ళ దగ్గర సీమంతానికో బర్త్‌డేకో ఇన్వాయిస్ తీసుకున్నవాళ్ళెవరైనా ఉంటే, దాని మీద అడ్రసు ఉందేమో చూసి దయచేసి నాకు విడిగా మెసేజ్ చేయండి. సోమవారంలోగా అయితే మంచిది.