వైట్ గోల్డ్‌కు 916 రేటు కట్టించుకుంటున్నారు, తిరుపతిలో నగలు కొనేవాళ్లు జాగ్రత్త

గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు వైపు పెళ్లి నగలకు వెళ్తున్నవాళ్లు, అందులోనూ వైట్ గోల్డ్ మీద మోజు పడ్డవాళ్లు ఇది చదివి వెళ్లండి. మా చెల్లెలి నిశ్చితార్థానికి కొన్న ఉంగరాల జతలో మాకు జరిగింది నకిలీ బంగారం మోసం కాదు. బంగారం అసలైనదే, హాల్‌మార్క్ కూడా అసలైనదే. అయినా మూడు గ్రాములకు పైగా మేలిమి బంగారం ఖరీదు ఎక్కువ లాగేశారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు, ఈ పద్ధతి ఒక్క షాపుదే అని నేను అనుకోవడం లేదు.

పిల్లకూ పెళ్లికొడుక్కూ తెల్ల ఉంగరాలే కావాలన్నారు. ప్లాటినం అయితే బడ్జెట్ దాటుతుందని వైట్ గోల్డ్ చూశాం. రెండూ కలిపి పది గ్రాములు. సేల్స్‌లో ఉన్న అబ్బాయి నాయనతో అన్న మాట ఇది: "రంగు ఒక్కటే తెలుపు పెద్దాయనా, మిగతాదంతా మామూలు బంగారమే. రేటు కూడా అదే." బిల్లులో "వైట్ గోల్డ్ రింగ్స్ 2" అని, బరువు, ఆ రోజు 22 క్యారెట్ల రేటు, తరుగు, 3 శాతం జీఎస్టీ రాశారు. ప్యూరిటీ అనే గడి మాత్రం ఖాళీ.

కొన్ని నెలలకు చెల్లెలి ఉంగరం అరచేతి వైపు పసుపు తిరిగింది. తర్వాత ఉంగరం కింద చర్మం ఎర్రబడి దురద మొదలైంది. షాపుకు తీసుకెళ్తే పాలిష్ వేస్తే సరిపోతుందన్నారు. మాకు పాలిష్ వద్దు, పసుపు బంగారం ఉంగరానికి మార్చుకుంటాం అన్నాం. అప్పుడు ఎక్స్‌చేంజ్ కౌంటర్‌లో ఇంకొకాయన లెన్స్ పెట్టి లోపలి ముద్ర చూసి, ఏ తడబాటూ లేకుండా చెప్పాడు: "ఇది 14 క్యారెట్లు కదమ్మా, ఆ రేటే వస్తుంది." అమ్మే కౌంటర్‌లో 22, కొనే కౌంటర్‌లో 14. మధ్యలో ఉన్నది పది అడుగుల దూరం.

లెక్క చూడండి. 916 అంటే 22 క్యారెట్లు, వెయ్యి భాగాల్లో 916 భాగాలు బంగారం. 14 క్యారెట్లంటే 585 భాగాలే. పది గ్రాముల్లో మొదటిదానికి 9.16 గ్రాముల మేలిమి ఉంటుంది, రెండోదానికి 5.85 గ్రాములు. తేడా 3.31 గ్రాములు. మేం కట్టిన ప్రతి వంద రూపాయలకూ దాదాపు 64 రూపాయల బంగారమే వచ్చింది. తరుగు కూడా ఆ పెంచిన రేటు మీదే శాతం లెక్కన వేశారు, దాని మీద మళ్లీ జీఎస్టీ. నూలు కండువాకు పట్టు కండువా ధర కట్టించుకున్నట్టుంది.

అసలు 916 వైట్ గోల్డ్ అనే మాట వినగానే లేచి వచ్చేయొచ్చు. 22 క్యారెట్లలో వేరే లోహాలకు మిగిలేది 8.4 శాతం. అంత కొంచెం నికెల్‌తోనో పల్లాడియంతోనో బంగారం పసుపు పోదు. అందుకే వైట్ గోల్డ్ మామూలుగా 18 క్యారెట్లలో, అంటే 750లో, లేదా 14 క్యారెట్లలో చేస్తారు. అది తప్పేమీ కాదు. ఏ క్యారెట్ సరుకుకు ఆ క్యారెట్ రేటు కడితే మంచి వస్తువే, 22 కంటే గట్టిగా ఉంటుంది, రాళ్లను బాగా పట్టుకుంటుంది. గాజుల మీద అక్కడక్కడా తెల్లగా మెరిసే టూ టోన్ డిజైన్లు వస్తాయి చూడండి, అవి వేరు. అది పసుపు బంగారమే, పైన తెల్లపూత. అది 916 అయ్యే అవకాశం ఉంది.

ఇక ఆ పసుపు తిరగడం గురించి న్యాయంగా చెప్పాలి. ఆ ఒక్క విషయంలో షాపువాళ్లు మోసం చేశారని నేను అనను. షోరూమ్ లైట్ల కింద అద్దంలా మెరిసే తెలుపు బంగారానిది కాదు, పైన వేసిన రోడియం అనే తెల్ల లోహపు పూతది. పూత మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, కొద్ది భాగమే ఉంటుంది. కింద ఉన్న మిశ్రమం కొంచెం పసుపుగానో బూడిద రంగుగానో ఉంటుంది. ఉంగరం రోజంతా గిన్నెకూ తలుపుకూ బండి హ్యాండిల్‌కూ రాసుకుంటుంది కాబట్టి ముందు అరచేతి వైపే పూత పోతుంది. రోజూ పెట్టుకుంటే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పూత వేయించాల్సిందే. కమ్మలకు, లాకెట్‌కు అంత తొందరగా పోదు. ఈ సంగతి అమ్మేముందు చెప్పకపోవడం మాత్రం తప్పే.

దురదకు కారణం నికెల్. చౌక, గట్టిదనం ఇస్తుంది కాబట్టి చాలామంది అదే కలుపుతారు. పూత ఉన్నంతకాలం చర్మానికి తగలదు, పూత పోయాక తగులుతుంది. రోల్డ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడే ఆడపిల్లలు మన ఇళ్లలో ఉంటారు కదా, వాళ్లకు ఇది తప్పకుండా అడిగి కొనండి. పల్లాడియం కలిపిన వైట్ గోల్డ్ దొరుకుతుంది. ధర ఎక్కువే, కానీ నికెల్ లేకపోతే ఈ బాధ ఉండదు. నికెల్ ఫ్రీ అని నోటితో చెప్తే చాలదు, బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడారంటే విషయం అర్థమైపోతుంది.

హాల్‌మార్క్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ల కోసం ఈ ముక్క. నగ మీద మూడు ఉండాలి: బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) త్రిభుజం గుర్తు, 18కె750 లేదా 14కె585 లాంటి ప్యూరిటీ ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు ఇచ్చే ప్రత్యేక నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ ఏ రకమో, ప్యూరిటీ ఎంతో, ఏ సెంటర్‌లో ముద్ర వేశారో వస్తుంది. మా ఉంగరాలకు అన్నీ వచ్చాయి, 14 క్యారెట్లు అని స్పష్టంగానే వచ్చింది. ముద్ర నిజం చెప్పింది, బిల్లే అబద్ధం. కాబట్టి డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర నిలబడి ముద్ర, యాప్, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం షాపులో ఉండాలి, అడిగే హక్కు మీకుంది. బిల్లు మీద వస్తువు పేరు, నికర బరువు, క్యారెట్, హాల్‌మార్కింగ్ చార్జీ విడివిడిగా రాయాలి. కచ్చా చీటీ ఇస్తే జీఎస్టీ మిగులుతుందని ఆశ పెడతారు, ఆ ఆశకు లొంగితే రేపు అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

రెండు గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడకలు, చిన్న కమ్మలు దాదాపు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వెండి మీద రోడియం వేస్తే చూపుకు వైట్ గోల్డ్‌కూ దానికీ తేడా తెలియదు. గీటురాయి మీద పైపైన గీసి యాసిడ్ చుక్క వేసినా రోడియం కరగదు కాబట్టి ఆ పరీక్షనూ నమ్మడానికి లేదు. వీటికి బిల్లే దిక్కు. రాళ్ల నగ అయితే రాళ్ల బరువు తీసేసి బంగారం రేటు వేశారా లేదా అన్నది కూడా చూసుకోండి. అమెరికన్ డైమండ్‌ను బంగారం రేటుకు కొన్నవాళ్లు తక్కువేమీ లేరు.

దర్శనం ముగించుకుని రైలుకు ముందు గంటా గంటన్నర టైముంటే షాపింగ్ చేసే బయటి ఊళ్లవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, వైట్ గోల్డ్ ఇక్కడ అలా కొనకండి. మళ్లీ పూత వేయించాలన్నా, గొడవ పెట్టుకోవాలన్నా ఇంత దూరం రావాలి. మీ ఊళ్లో మీరు రోజూ ముందు నుంచి వెళ్లే షాపులోనే కొనుక్కోండి.

ఇప్పటికే కొన్నవాళ్లకు రెండు మాటలు. పసుపు బంగారాన్ని మన అమ్మలు టూత్‌పేస్ట్‌తో, విభూతితో రుద్ది మెరిపిస్తారు. వైట్ గోల్డ్‌ను అలా రుద్దితే పూత గీరుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లలో కొంచెం మెత్తటి సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో కడిగి తుడిస్తే చాలు. బాత్‌రూమ్ కడిగే బ్లీచింగ్ దగ్గరకు, స్విమ్మింగ్ పూల్‌కు పెట్టుకుని పోవద్దు. క్లోరిన్ నికెల్ కలిపిన వైట్ గోల్డ్‌ను లోపలి నుంచి తింటుంది, రాయి పట్టుకునే పళ్లు పగుళ్లిచ్చి విరుగుతాయి. మళ్లీ పూత వేయించేటప్పుడు ముందు, తర్వాత బరువు మీ ఎదురుగానే తూయించండి, ఎందుకంటే పూతకు ముందు మెరుగు పట్టడంలో కొంచెం బంగారం రాలుతుంది. రాళ్లు వదులయ్యాయేమో కూడా అప్పుడే చూడమనండి.

మా విషయం ఎక్కడుందంటే, బీఐఎస్ గుర్తింపు ఉన్న సెంటర్‌లో మళ్లీ పరీక్ష చేయించాం, 585 సరిగ్గానే వచ్చింది. ముద్ర కంటే ప్యూరిటీ తక్కువ వచ్చి ఉంటే ఆ తేడాకు రెట్టింపు, పరీక్ష ఖర్చు అడిగే వీలు బీఐఎస్ నిబంధనల్లో ఉంది. మాది ఆ కోవలోకి రాదు, మాది రేటులో జరిగిన మోసం. అందుకే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, బిల్లు, యాప్ స్క్రీన్‌షాట్, ఎక్స్‌చేంజ్ కౌంటర్‌లో వాళ్లే 14 క్యారెట్లని రాసిచ్చిన చీటీ జతచేసి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. కాగితం అందాక షాపు నుంచి ఫోన్ వచ్చింది, తేడా మొత్తానికి వెండి సామాన్లు తీసుకోమన్నారు. డబ్బే కావాలని చెప్పాం.

మీ దగ్గర వైట్ గోల్డ్ బిల్లు ఉంటే ఈ రోజే బయటకు తీసి, రేటు గడి పక్కన క్యారెట్ రాశారో లేదో చూడండి. రాయకపోతే మీరు కొన్న రోజు తిరుపతిలో 22 క్యారెట్ల రేటు ఎంతో పాత పేపర్లో వెతికి పోల్చుకోండి. రెండూ ఒకటే అయితే, షాపుకు వెళ్లి పాలిష్‌కు ఇవ్వకముందే నగ లోపలి ముద్రను దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి.