హిందీవారికి తొలి ఇంగ్లిష్ వాక్యాలు: ‘తా హై, తీ హై’ సూత్రమా, వాక్య చట్రమా? ఏది మేలు?

హిందీ మాతృభాషగా ఉన్నవారికి ఇంగ్లిష్ వాక్యం కట్టడం నేర్పే పద్ధతులలో రెండింటి మధ్యే అసలు పోటీ ఉంది. మొదటిది ఉత్తరాది కోచింగ్ సెంటర్లలో నల్లబల్ల మీద తరచూ కనిపించే సూత్రం. హిందీ వాక్యం ‘తా హై, తీ హై, తే హైఁ’ అని ముగిస్తే అది సింపుల్ ప్రెజెంట్, ‘రహా హై’ అని ముగిస్తే ప్రెజెంట్ కంటిన్యువస్, ‘చుకా హై’ అయితే ప్రెజెంట్ పర్ఫెక్ట్, ‘గా, గీ, గే’ అయితే ఫ్యూచర్ అని గుర్తుపెట్టుకుని, ఆ గుర్తును బట్టి ఇంగ్లిష్ క్రియను ఎంచుకోవాలి. రెండోది, ఇంగ్లిష్ వాక్యపు చట్రాన్నే ముందుగా చేతికిచ్చి, అందులో ఒక్కొక్క మాటనే మారుస్తూ కొత్త వాక్యాలు పలికించే పద్ధతి. హిందీ రాష్ట్రాలలో ఉద్యోగరీత్యా పాఠాలు చెబుతున్న తెలుగు ఉపాధ్యాయులకూ, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి హైదరాబాదుకు పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పేవారికీ ఈ రెండింటిలో దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్న ఎదురవుతుంది. తొలి నెలలలో చట్రమే మేలనీ, సూత్రం ఆ తరువాత రావలసినదనీ నా అభిప్రాయం.

సూత్రానికి అంత ప్రచారం ఊరికే రాలేదు. హిందీలో కాలాన్ని తెలిపే గుర్తు నిజంగానే వాక్యం చివరే ఉంటుంది. ఇంగ్లిష్ అంటే భయపడే వ్యక్తికి తనకు బాగా తెలిసిన భాషలోనే ఒక ఆధారం దొరకడం చిన్న విషయం కాదు. పైగా కొన్ని వాక్యాలలో రెండు భాషలూ దగ్గరగానే నడుస్తాయి. ‘వహ్ డాక్టర్ హై’ అన్నప్పుడు ‘హై’ ఉన్నచోట ‘ఈజ్’ పెట్టి, దానిని వాక్యం మధ్యకు జరిపి, ‘డాక్టర్’ ముందు ‘ఎ’ చేర్చితే ‘హి ఈజ్ ఎ డాక్టర్’ వచ్చేస్తుంది. తెలుగులో ‘ఆయన డాక్టరు’ అనే వాక్యానికి క్రియే అక్కరలేదు కనుక మన పిల్లలు ‘హి డాక్టర్’ అని ఆగిపోయే ప్రమాదం ఉంది. హిందీ పిల్లలకు ఆ బెడద తక్కువ.

అయితే ఆ ‘హై’ దగ్గరే చిక్కు మొదలవుతుంది. ‘వహ్ స్కూల్ జాతా హై’ అన్న వాక్యాన్ని కొత్తగా నేర్చుకునేవారు ‘హి ఈజ్ గో స్కూల్’ అని రాస్తారు. ఇక్కడ ‘హై’ని అనువదించకూడదని ఉపాధ్యాయుడు దిద్దుతాడు. వెంటనే ‘వహ్ స్కూల్ జా రహా హై’ వస్తుంది, అక్కడ మాత్రం అదే ‘హై’కి ‘ఈజ్’ పెట్టాలంటాడు. ఆ తరువాత ‘రామ్ బైఠా హై’ వస్తుంది. ఇందులో ‘రహా’ లేదు కనుక సూత్రం ప్రకారం ఇది కంటిన్యువస్ కాకూడదు, కానీ రాముడు కూర్చుని ఉన్నాడని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ‘రామ్ ఈజ్ సిట్టింగ్’ అనే అనాలి. వ్యతిరేకార్థంలోనైతే సూత్రానికి ఆధారమైన గుర్తే కనుమరుగవుతుంది. ‘మైఁ చాయ్ పీతా హూఁ’ అనే మనిషి, కాదనేటప్పుడు సాధారణంగా ‘మైఁ చాయ్ నహీఁ పీతా’ అని ‘హూఁ’ను వదిలేస్తాడు. వాక్యం చివర గుర్తు వెదికే అలవాటున్న విద్యార్థి అక్కడ ‘ఐ నాట్ డ్రింక్ టీ’ అంటాడే తప్ప ‘డోంట్’ అతనికి తట్టదు, ఎందుకంటే ఆ ‘డూ’కు సాటివచ్చే మాట అతని హిందీ వాక్యంలో ఎక్కడా లేదు. ప్రశ్నలోనూ ఇదే జరుగుతుంది. ‘క్యా ఆప్ చాయ్ పీతే హైఁ?’ అన్నది అవునా కాదా అని అడిగే ప్రశ్న. దాని మొదట ఉన్న ‘క్యా’కు వేరేచోట ‘ఏమిటి’ అనే అర్థం కూడా ఉండడంతో, దానిని పట్టుకుని ‘వాట్ యూ డ్రింక్ టీ?’ అని అడిగేవారు ఎందరో.

కలిగి ఉండడాన్ని చెప్పే వాక్యాలలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పెన్ను ఉంటే ‘మేరే పాస్ కలమ్ హై’, అన్నదమ్ములుంటే ‘మేరే దో భాయీ హైఁ’, జ్వరం ఉంటే ‘ముఝే బుఖార్ హై’, ధైర్యం ఉంటే ‘ముఝ్‌మేఁ హిమ్మత్ హై’ అంటుంది హిందీ. నాలుగింటికి నాలుగు కట్టుబాట్లు, నాలుగింటి చివరా ‘హై’ లేదా ‘హైఁ’. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటికీ ‘ఐ హావ్’ అన్న ఒకే చట్రం సరిపోతుంది. హిందీ మీదుగా నడిపిస్తే ఇంత తేలికైన సంగతి నాలుగు చిక్కులుగా తయారవుతుంది. భూతకాలం కూడా అలాంటిదే. ‘రామ్ నే రోటీ ఖాయీ’, ‘సీతా నే ఆమ్ ఖాయా’ అని హిందీ క్రియ తిన్న వస్తువు లింగాన్ని బట్టి మారుతుంది, ఇంగ్లిష్‌లో ఎవరు ఏది తిన్నా ‘ఏట్’ ఒక్కటే. ఇక్కడ ఇంగ్లిషే హిందీ కంటే సులువని విద్యార్థికి తెలియనివ్వకపోవడం ఆ సూత్రం చేసే పెద్ద నష్టం.

ఇక చట్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. బల్ల మీద మూడు గళ్లు గీసి, మొదటి గడిలో ‘ఐ, యూ, వీ, దే’, రెండో గడిలో ‘వాంట్, డోంట్ వాంట్’, మూడో గడిలో ‘వాటర్, టీ, ఎ పెన్, ఎ టికెట్’ రాస్తే, పది ఎంపికలే ఉన్న ఆ పట్టిక నుంచి 32 సరైన వాక్యాలు వస్తాయి. ‘ఎ’ అన్నది ‘పెన్’తో కలిసే నోటికి వస్తుంది కనుక, హిందీలో లేని ఆ ఆర్టికల్‌కు వేరే పాఠం అప్పటికి అక్కరలేదు. ‘ముఝే పానీ చాహియే’ అనడానికి అలవాటుపడిన వ్యక్తికి ‘ముఝే’కు బదులు ఇంగ్లిష్ ‘మీ’ (me) అనాలని అనిపించడం సహజం. మన ‘నాకు నీళ్లు కావాలి’ కూడా అదే తీరు కనుక తెలుగు ఉపాధ్యాయుడికి ఈ ఇబ్బంది ఎక్కడిదో వెంటనే అర్థమవుతుంది. చట్రం మొదటి గడిలో ‘ఐ’ ఉందే తప్ప ఆ ‘మీ’ లేదు కాబట్టి తప్పుకు చోటుండదు. ‘హి, షి’లతో ‘వాంట్స్, డజంట్ వాంట్’ను మరో రోజు, మరో పట్టికలో చెప్పడం మంచిది.

మాట్లాడే వేగం విషయంలోనూ చట్రానిదే పైచేయి. హిందీలో కాలం చివర తెలుస్తుంది, ఇంగ్లిష్ ప్రశ్నలో ‘డూ, డజ్, డిడ్’ మొదటే రావాలి. కాబట్టి సూత్రాన్ని నమ్ముకున్న వ్యక్తి హిందీ వాక్యమంతా మనసులో పూర్తిచేసుకుని, చివర చూసుకుని, మళ్లీ మొదటికి రావాలి. ఎదుటి మనిషి అంతసేపు ఆగడు.

చట్రానికీ లోపాలున్నాయి, వాటిని దాచనక్కరలేదు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అంటే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఏర్పడిన కాలంలో దేశంలో ఇంగ్లిష్ బోధన ఎక్కువగా ఈ చట్రాల క్రమం మీదే సాగింది. తరగతి గదులలో ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అని పిల్లలు అర్థంతో పనిలేకుండా వల్లెవేయడం కూడా అప్పుడే అలవాటైంది. ఇలాంటి బోధనపై అసంతృప్తి నుంచే ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు ప్రాజెక్టు అనే బోధనా ప్రయోగాన్ని మొదలుపెట్టి, చట్రాలనూ వ్యాకరణ సూత్రాలనూ పక్కనపెట్టి, పటాలు చూడడం, రైళ్ల వేళల పట్టికలు చదవడం వంటి పనుల ద్వారా ఇంగ్లిష్ నేర్పారు. దానిని మూడో దారిగా లెక్కించవచ్చు. అయితే దానికి ధారాళంగా ఇంగ్లిష్ మాట్లాడే ఉపాధ్యాయుడు కావాలి. అలాంటివారు దొరకని బడులకు అది అందని దారి.

వల్లెవేత రోగానికి మందు చట్రంలోనే ఉంది. మూడో గడిలోని మాటలు విద్యార్థుల బతుకులోవి కావాలి, పలికిన వాక్యం నిజమై ఉండాలి. టీ తాగని పిల్ల ‘ఐ డోంట్ వాంట్ టీ’ అని ఎంచుకుని చెప్పినప్పుడే అది ఆమె వాక్యం. హిందీని బహిష్కరించనూ కూడదు. కొత్త చట్రం అర్థాన్ని ఒక్కసారి హిందీలో చెప్పేస్తే పది నిమిషాల మూకాభినయం తప్పుతుంది. ‘మేజ్ పర్ కితాబ్ హై’కీ ‘కితాబ్ మేజ్ పర్ హై’కీ ఉన్న తేడాను చూపించి, మొదటిది ‘దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్’ అనీ, రెండోది ‘ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్’ అనీ చెబితే ‘ఎ’కూ ‘ద’కూ ఉన్న భేదం హిందీ విద్యార్థికి ఏ నిర్వచనమూ లేకుండానే అందుతుంది.

చట్రాల వరుస విషయంలో, ‘హి ఈజ్ ఎ డాక్టర్’తో మొదలుపెట్టి, ‘ఐ హావ్’, ‘ఐ వాంట్’ల మీదుగా ‘ఐ కెన్’కు రావడం మంచిది. ‘కెన్’ ఎవరితో చేరినా మారదు, ప్రశ్నకు ముందుకు జరిగితే చాలు, కాదనడానికి ‘కాంట్’ అంటే సరి. ప్రశ్నలో సహాయక క్రియ ముందుకు వస్తుందన్న సంగతి ఇక్కడే అలవాటైతే, తరువాత వచ్చే ‘డూ, డజ్’ అంతగా కష్టపెట్టవు. ఇవన్నీ నోటికి వచ్చాక ‘తా హై, రహా హై’ సూత్రాన్ని తీసుకురావచ్చు. అప్పుడు విద్యార్థికి ఇంగ్లిష్ వాక్యం ముందే తెలుసు కనుక, సూత్రం ఎక్కడ సరిపోతుందో, ‘రామ్ బైఠా హై’ దగ్గర ఎందుకు సరిపోదో తానే పోల్చి చూసుకోగలడు. మూడు నెలలలో ఉద్యోగ పరీక్ష రాయవలసి, అందులో టెన్స్ తప్పులు గుర్తించే ప్రశ్నలకు మార్కులు తెచ్చుకోవలసిన అభ్యర్థికి మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. అతనికి సూత్రమే ముందు చెప్పాలి, దానితోపాటు అది పనిచేయని వాక్యాల జాబితాను కూడా మొదటిరోజే ఇవ్వాలి.