బెడ్ రైల్: ఏడాది వాడాక మిగిలిన కినుక

తొట్టి మంచం మాన్పించడానికి అమెరికా శిశువైద్యుల సంఘం చెప్పే 35 అంగుళాల ఎత్తుకు, అంటే సుమారు 89 సెంటీమీటర్లకు మా పాప చేరుకుంది. తొట్టి అంచు మీదుగా కాలు వేయడమూ మొదలుపెట్టింది. అందుకే ఆమెను మామూలు మంచం మీదికి మార్చి, నిద్రలో దొర్లి కింద పడకుండా పక్కన బిగించడానికి ఈ మడత బెడ్ రైల్, అంటే వల ఉన్న అడ్డు, కొన్నాము. పొడవు, రంగుల సంగతి ఏ దుకాణంవారైనా చెబుతారు కనుక వాటి జోలికి పోను. ఏడాదికి పైగా వాడాక దీనిమీద నాకు మిగిలిన కినుక ఒక్కటే: అది పరుపును ఆనుకొని నిలవదు.

రైల్ అడుగున ఉన్న ఇనుప కడ్డీలు పరుపు కిందికి వెళ్తాయి. పరుపు బరువే వాటిని అదిమి పట్టాలి. అవి జరగకుండా ఒక పట్టీని పరుపు కిందుగా తీసుకెళ్లి మంచానికి అవతలి వైపున కట్టాలి. చెక్క పలకలు వరుసగా పరిచిన మంచానికి ఇది సులువే. బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో ఉన్నదేమో సామాన్లు దాచుకునే బాక్స్ మంచం. దాని మీద నున్నని ప్లైవుడ్ మూత, పట్టీ తగిలించడానికి ఎక్కడా చోటు లేదు. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు పట్టీని చుట్ట చుట్టి పరుపు కిందికి తోసేసి, "పరుపు బరువు చాలండీ" అని వెళ్లిపోయాడు.

కొన్ని నెలలు నిజంగానే చాలింది. అడిగినవారందరికీ మెచ్చుకొని చెప్పాను కూడా. అయితే పాప దొర్లి తన్నే కొద్దీ, దుప్పటి మార్చినప్పుడల్లా పరుపు కదిలే కొద్దీ, రైల్ వెలుపలికి జరుగుతూ వచ్చింది. ఒక రాత్రి మూలుగు విని లైటు వేస్తే, పాప పరుపుకూ వలకూ మధ్య దిగబడి, కాళ్లు నేలకు అందక, చంకల దగ్గర ఆగి ఉంది. దెబ్బేమీ తగలలేదు. కింద పడితే మహా అయితే బొప్పి కట్టేది; ఇరుక్కోవడం అలాంటిది కాదు, అదే మెడ దగ్గరైతే ఊపిరి ఆడదు. తమంతట తాము మంచం ఎక్కి దిగగలిగిన, రెండేళ్లు నిండిన పిల్లలకే ఇటువంటివి వాడాలని చెప్పేది ఇందుకే. ఆ మాట మా పెట్టె అడుగున చిన్న అక్షరాలలో ఉంది. పైన మాత్రం ఇంకా పాకే వయసు పాప బొమ్మ!

వడ్రంగి వచ్చి మూత అవతలి అంచున కొక్కేలు బిగించి, పట్టీని లాగి కట్టిన తరువాత రైల్ కుదురుగానే ఉంది. అయినా పాపను పడుకోబెట్టే ముందు సందులో అరచెయ్యి దూరుతుందేమో చూసుకుంటాము.

ఒక్క చేత్తో కిందికి మడిచే ఏర్పాటును మొదట్లో గొప్పగా పొగిడాను. అది ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, కాకపోతే లేపినప్పుడు రెండు వైపులా గడియ టక్కుమని పడాలి. ఒక వైపే పడితే నిలబడినట్టే కనిపిస్తుంది, చెయ్యి ఆనిస్తే వాలిపోతుంది.

కొనవచ్చా అంటే, అది మీ మంచాన్ని బట్టి ఉంటుంది. పలకల మంచం, బరువైన పరుపు ఉన్నవారికి నా ఫిర్యాదులో సగం ఎదురు కాకపోవచ్చు. బాక్స్ మంచం ఉన్నవారు మాత్రం పట్టీ ఎక్కడ కట్టాలో చూపించిన తరువాతే డబ్బు చెల్లించడం మంచిది. మా అత్తయ్యగారు మొదటినుంచీ పరుపు నేల మీదే వేయమంటున్నారు. అయితే డిసెంబరులో ఆ గది నేల జిల్లుమంటుంది, అడుగున చెమ్మ పట్టకుండా పరుపును రోజూ ఎత్తి నిలబెట్టాలి. ఇద్దరమూ ఉద్యోగాలకు పరుగెత్తే మా ఇంట్లో అది సాగే పని కాదు.