హార్డ్ డిస్క్ పాడైతే ఏది మేలు: ఇంట్లో ప్రయత్నమా, ఎస్పీ రోడ్డా, రికవరీ ల్యాబా?

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెరుచుకోకపోతే బెంగళూరులో మనకు మూడు దారులున్నాయి: ఇంట్లోనే సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడటం, కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో రిపేరుకి ఇవ్వడం, డేటా రికవరీ ల్యాబ్‌కి వెళ్ళడం. చాలామంది ఇదే వరుసలో పోతారు. ఖర్చు లేనిది ముందు, ఎక్కువ ఖర్చయ్యేది చివర. నా అభ్యంతరమంతా ఈ వరుస మీదే. టీవీకో మిక్సీకో ఇది సరిపోతుంది. దెబ్బతిన్న డిస్క్ మాత్రం తిరిగిన ప్రతిసారీ మరికొంత పాడవుతుంది. రెండు చోట్ల తిప్పి ఆఖరికి ల్యాబ్‌కి తీసుకెళ్ళేసరికి, వాళ్ళు తీయడానికి అందులో ఏమీ మిగలకపోవచ్చు. అందుకే డబ్బు లెక్క తర్వాత, ముందు డిస్క్ చప్పుడు వినండి.

మనం వాడే చిన్న పోర్టబుల్ డిస్కుల్లో ప్లాటర్లు, అంటే డేటా ఉండే గుండ్రటి పళ్ళేలు, ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతూ చదువుతుంది. కంటికి కనిపించని దుమ్ము రేణువు కూడా ఆ సందు కంటే ఎన్నో రెట్లు పెద్దది. డిస్క్ కింద పడ్డాక టక్, టక్ అని ఆగి ఆగి కొడుతుంటే హెడ్ దెబ్బతిన్నదనే అనుకోవాలి. గీరుతున్న శబ్దం వస్తే ఇంకా ప్రమాదం, ప్లాటర్ మీద డేటా ఉన్న పొరే లేచిపోతూ ఉండొచ్చు. సన్నగా బీప్ మంటుంటే మోటారు తిరగలేకపోతోందని అర్థం. కరెంటు చాలకపోయినా ఆ బీప్ వస్తుంది కాబట్టి వేరే పోర్టులో ఒక్కసారి పెట్టి చూడొచ్చు. కింద పడిన డిస్క్ అయితే అదీ వద్దు. మిగతా రెండు శబ్దాల్లో ఏది వినిపించినా వెంటనే కేబుల్ పీకేసి పక్కన పెట్టేయండి. ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. మూత విప్పి చూడాలన్న ఆలోచన అసలే వద్దు.

శబ్దం మామూలుగానే ఉండి, కంప్యూటర్ డిస్క్‌ని సరైన సైజుతో గుర్తిస్తూ, ఫోల్డర్లు మాత్రం తెరుచుకోకపోతే ఇంటి దారే మేలు. పొరపాటున డిలీట్ చేసిన ఫైళ్ళకీ అంతే, ఆ డిస్క్‌లో కొత్తగా ఏమీ రాయకుండా ఉంటే చాలు. ముందు కేబుల్ మార్చండి. ఈ డిస్కుల వెనకుండే ఆ వెడల్పాటి పిన్ను త్వరగా లూజవుతుంది. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి: యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900, హబ్‌లో అదీ పంచుకోవాల్సి రావచ్చు. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. అందులో సీ5 అన్న వరుసలో సున్నా కాకుండా వేరే అంకె ఉంటే, చదవలేకపోతున్న సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న చిన్న భాగాలు, ఉన్నట్టే.

ఇక్కడే చాలామంది తొందరపడి రెకువా లాంటి ఫైళ్ళు వెతికే ప్రోగ్రామ్‌ని నేరుగా ఆ డిస్క్ మీదే నడుపుతారు. విండోస్ అడిగిందని ఫార్మాట్ నొక్కేవాళ్ళూ ఉన్నారు, విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ అనే రిపేరు ప్రోగ్రామ్ నడిపేవాళ్ళూ ఉన్నారు. చెక్‌డిస్క్‌కి మన ఫోటోలు ముఖ్యం కాదు, ఫైల్ సిస్టం, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే లెక్క, సరిపడితే చాలు. అందుకోసం పాడైన డిస్క్ మీదే రాసేస్తుంది. అన్నిటికన్నా మంచి పద్ధతి ముందు డిస్క్ మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు పూర్తి నకలు, తీయడం. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు కాపీ చేసుకుని, మొండికేసే చోట్లను చివర్లో ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటికి రాదు. 1 టీబీ డిస్క్‌కి అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉన్న ఇంకో డిస్క్ కావాలి. సెకనుకి 100 ఎంబీ వేగం దొరికితే 3 గంటల్లోపు అయిపోతుంది, బ్యాడ్ సెక్టార్లుంటే రోజులు పట్టొచ్చు. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి, అది తారుమారైతే ఉన్నదీ పోతుంది.

ఇమేజ్ చేతికొచ్చాక టెన్షన్ సగం తగ్గినట్టే. ఇక ప్రయోగాలన్నీ దాని మీదే. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్ళుండే విభాగం) దొరికితే ఫోల్డర్లు పేర్లతో సహా వస్తాయి. దొరక్కపోతే ఫోటోరెక్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది. అది ఫైల్ మొదట్లో ఉండే గుర్తులు పట్టుకుని ఏరుతుంది కాబట్టి పాత పేర్లు రావు. అన్నప్రాశన ఫోటోలూ ఆఫీసు స్క్రీన్‌షాట్లూ కలిసిపోతాయి. కెమెరా ఫోటోల్లో తీసిన తేదీ లోపలే ఉంటుంది కనుక తేదీల వారీగా విడదీసుకోవచ్చు.

ఎస్పీ రోడ్డు సంగతి. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచిపోవచ్చు, తెలుగులో మాట్లాడినా చాలాచోట్ల పని నడుస్తుంది. పోర్టు ఊడినా, పైపెట్టె పగిలినా, సాటా (డిస్క్‌కి ఉండే అసలు కనెక్టర్) నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న బోర్డు పోయినా షాపే మేలు, తక్కువలో అయిపోతుంది. కానీ వెస్ట్రన్ డిజిటల్ పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి లోపల సాటా ఉండదు, యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే ఉంటుంది. వాటిలో ఎన్నో మోడళ్ళు మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే రహస్య సంకేతంగా మార్చే, రాస్తాయి. అదే మోడల్ బోర్డు తెచ్చి తగిలించినంత మాత్రాన డిస్క్ పలకదు, ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన సమాచారం పాత బోర్డు చిప్‌లో ఉంటుంది. కౌంటర్ దగ్గరే మూత తీసి చూస్తామంటే డిస్క్ తీసుకుని వచ్చేయండి. ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అందులో ఉంటే ఎవరి చేతికి ఇస్తున్నామో కూడా ఆలోచించాలి.

టక్ టక్ మంటున్న డిస్క్‌లో అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియో ఉందనుకోండి, ఇంకో కాపీ లేదు. అప్పుడు నేరుగా ల్యాబే. దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో, అదే మోడల్ డిస్క్ నుంచి తీసిన హెడ్ అమర్చి, పీసీ-3000 లాంటి పరికరంతో ఇమేజ్ తీస్తారు. డిస్క్ విప్పాల్సి వస్తే ఖర్చు ఐదంకెల్లోకి పోవచ్చు. మనసు చివుక్కుమంటుంది, నిజమే. డిస్క్‌లో ఉన్నవి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోగల సినిమాలే అయితే ఆ ఖర్చు దండగ, నేనైతే వదిలేస్తాను. షష్టిపూర్తి వీడియోకైతే బేరమాడను.

ఇచ్చేముందు కొన్ని రాతపూర్వకంగా అడగండి. పరీక్షకి ఎంత, డేటా రాకపోతే ఎంత, విడిభాగాల ఖర్చు వేరా, ఒప్పుకోకపోతే డిస్క్ ఉన్నదున్నట్టు తిరిగిస్తారా. డబ్బు కట్టే ముందు ఫైళ్ళ జాబితా ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. పెద్ద వీడియోలు రెండు మూడు తెరిపించి, మధ్యకి జరిపి చూడండి. పేరూ సైజూ సరిగ్గానే ఉన్న ఫైల్ లోపల ఖాళీగా ఉన్నా, ఆ సంగతి జాబితా చూస్తే తెలియదు.