నాలుగు గళ్ల నోటుబుక్కు: టైలరింగ్ షాపులో మూడేండ్లు వాడాక

నల్గొండలో ప్రకాశం బజార్‌కు దగ్గర్లో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, నాతో పాటు పని చేసే ఇద్దరు ఆడవాళ్లు. ఎక్కువగా జాకెట్లే కుడతాం. 2022 ఎండాకాలంలో మా పొదుపు సంఘం వాళ్లకు పెట్టిన శిక్షణలో ఒక మేడం బోర్డు మీద పెద్ద ప్లస్ గుర్తు గీసి, రోజు పనులను నాలుగు గళ్లలో రాసుకోవడం నేర్పింది. ముఖ్యమైనవి, తొందరగా కావాల్సినవి మొదటి గడిలో. ముఖ్యమైనవే కానీ ఇప్పుడే తొందర లేనివి రెండో గడిలో. తొందరవే కానీ అంత ముఖ్యం కానివి మూడో గడిలో, వాటిని వేరేవాళ్లకు అప్పజెప్పాలి. రెండూ కానివి నాలుగో గడిలో, వాటిని వదిలేయాలి. ఆ రోజే 60 రూపాయలు పెట్టి లాంగ్ నోటుబుక్కు కొన్నాను. ఇప్పుడు ఆరోది నడుస్తోంది.

మొదటి ఏడెనిమిది నెలలు ఇది నాకు పనికిరాలేదు. షాపులోకి వచ్చే ప్రతి ఒక్కరిదీ తొందరే. "అక్కా, రేపు ఫంక్షన్ ఉంది, జర కుట్టియ్యరాదు" అంటే కాదనలేక అందరినీ మొదటి గడిలో రాసుకుంటూ పోయాను. పొద్దున 11 అయ్యేసరికి అందులో 14 పేర్లుండేవి. ఆ మాఘమాసంలో ఒక పెండ్లికూతురు జాకెట్ నా చేతిలో ఆగిపోయింది. 20 రోజుల ముందే ఇచ్చింది కదా అని రెండో గడిలో రాశాను. రోజూ వచ్చే అర్జెంటు జాకెట్ల వెనక అది బీరువాలోనే ఉండిపోయింది. పెండ్లికి రెండు రోజుల ముందు తీసి చూస్తే లైనింగ్ కూడా తడపలేదు. కాటన్ లైనింగ్‌ను ముందే తడిపి ఆరేయకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి జాకెట్ అంతా ముడతలు పడుతుంది. రాత్రంతా కూర్చొని కుట్టిచ్చాను కానీ వేసి చూసుకునే టైమ్ లేక చంక దగ్గర బిగుతైంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. వాళ్ల అమ్మ మాత్రం మళ్లీ మా షాపు మెట్లెక్కలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఈ పద్ధతిని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో పిలుస్తారు. తొందర పనులు ముఖ్యమైనవి కావని, ముఖ్యమైనవి ఎప్పుడూ తొందర పెట్టవని ఆయన 1954లో ఒక ప్రసంగంలో చెప్పారు, అది కూడా ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడు అన్న మాటగా. మా పనిలో ఇది సగమే నిజం. పెండ్లి జాకెట్ 20 రోజుల ముందు నోరు మెదపదు, రెండు రోజుల ముందు గొంతు మీద కూర్చుంటుంది. అందుకే ఒక ఆర్డర్‌ను ఒకే పనిగా రాయడం మానేశాను. లైనింగ్ తడపడం, కటింగ్, కుట్టు, ట్రయల్, హుక్కులు వేరువేరుగా రాసి, పెండ్లికూతురును చేసే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి ఒక్కోదానికి తేదీ వేస్తాను. బట్ట చేతికొచ్చిన సాయంత్రమే లైనింగ్ తడపాలి. ట్రయల్ కనీసం ఐదు రోజుల ముందు. ఇలా ముక్కలు చేశాక మళ్లీ ఒక్క పెండ్లి జాకెట్ కూడా ఆగలేదు.

అంతకంటే పెద్ద మార్పు ఇంటి దగ్గర వచ్చింది. ఈ పద్ధతి నేర్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఏడాది దాకా నా పుస్తకంలో షాపు పనులే ఉండేవి. నల్లా నీళ్లు పట్టడం, పిల్లల టిఫిన్ బాక్సులు, అత్తమ్మ షుగర్ మందులు, సంఘం కిస్తీ, ఇవేవీ అందులో లేవు. కాగితం ప్రకారం నాకు టైమ్ ఉన్నట్టే కనిపించేది, ఒంట్లో ఓపిక మాత్రం ఉండేది కాదు. ఒక ఆదివారం ఇంటి పనులన్నీ అవే నాలుగు గళ్లలో రాశాను. 19 వచ్చాయి, అందులో 16 నేనొక్కదాన్నే చేస్తున్నవి. రాత్రి అన్నం తిన్నాక పుస్తకం మా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇవన్నీ రోజూ చేస్తున్నవా?" అన్నాడు. నీళ్లు, కూరగాయలు ఆయన తీసుకున్నాడు. ఇస్త్రీ, కరెంటు బిల్లు పెద్దోడు తీసుకున్నాడు. మూడో గడి అంటే హెల్పర్లకు చెప్పే పనులని మాత్రమే అనుకున్నాను అప్పటిదాకా. షాపు నడిపే ఏ అక్క అడిగినా ముందు ఇంటి పనులు రాయమనే చెప్తాను.

రెండో గడికి రోజూ ఒక గంట తీసి పెట్టకపోతే అది ఉన్నా లేనట్టే. నాకు అది కటింగ్ గంట. తప్పు కోసిన బట్ట మళ్లీ రాదు కాబట్టి ఆ పనికి నిమ్మళం కావాలి. మొదట్లో మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా షట్టర్ సగం దించి కోసేదాన్ని. 9 డిసెంబర్ 2023 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక తిప్పర్తి, కనగల్ వైపు నుంచి మధ్యాహ్నం పూట కూడా గిరాకీ వస్తోంది. మాకు అది మంచిదే. ఆ గంటను పొద్దున షాపు తెరవకముందుకు జరిపాను. ముహూర్తాలుండని ఆషాఢంలో మిషన్ల సర్వీసింగ్, హైదరాబాద్ పోయి లైనింగ్ రంగులు తేవడం, హెల్పర్లకు కటింగ్ నేర్పడం పెట్టుకుంటాను.

లోపాలూ ఉన్నాయి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఈ గళ్లు చెప్పవు. పక్కన నిమిషాలు రాయడం నేనే మొదలుపెట్టాను. ఒకే రంగు దారంతో నాలుగు జాకెట్లు వరసగా కుడితే దారం, బాబిన్ మార్చే పని తప్పుతుంది. ఆ లెక్క కూడా ఇందులో కుదరదు. బతుకమ్మ తొమ్మిది రోజులు గళ్లు పక్కన పెట్టి తేదీల వరస ఒక్కటే చూస్తాం. ఎంగిలిపూల నాటి నుంచి కొత్త ఆర్డర్లు తీసుకోం. చెర్వుగట్టు జాతరకు హెల్పర్లిద్దరూ పోతారు, ఆ తేదీలు నెల ముందే రాసి పెట్టుకుంటాను.

ఫోన్ క్యాలెండర్ కూడా రెండు నెలలు వాడాను. చేతిలో కత్తెర ఉన్నప్పుడే అలారం మోగేది, అందులో ఏముందో మిగతావాళ్లకు తెలిసేది కాదు. నోటుబుక్కు మేకుకు వేలాడుతుంటే నేను లేకున్నా హెల్పర్లిద్దరిలో ఎవరైనా చూసి పని అందుకుంటారు.

మొదటి గడి ఇంకా నిండుతూనే ఉందని కిందటేడు ఒక బోర్డు పెట్టాను: అర్జెంటు జాకెట్‌కు 100 రూపాయలు ఎక్కువ. ఆ డబ్బు రాత్రి దాకా కూర్చునే హెల్పర్‌కే ఇస్తాను. నిజంగా అవసరమున్నవాళ్లు మాట్లాడకుండా ఇస్తారు. మిగతావాళ్లు బోర్డు చదివి, "అయితే సోమవారం ఇయ్యి అక్కా" అంటున్నారు.