డ్రాపౌట్ ప్రెడిక్షన్: లాజిస్టిక్ రిగ్రెషనా, ఎక్స్‌జీబూస్టా, ఏది మేలు?

డ్రాపౌట్ ప్రెడిక్షన్, అంటే చదువు మధ్యలో ఎవరు మానేస్తారో ముందే అంచనా వేసే ప్రాజెక్ట్ అనగానే చాలామంది పట్టుకునేది యూసీఐలో (అందరికీ డేటాసెట్లు దొరికే సైట్) ఉన్న పోర్చుగల్ డేటానే, పోర్టలెగ్రె పాలిటెక్నిక్‌ది, 4424 మంది స్టూడెంట్స్, అందులో 1421 మంది మధ్యలో మానేసినవాళ్లు. ఇక మొదలు, లాజిస్టిక్ పెట్టాలా ఎక్స్‌జీబూస్ట్ పెట్టాలా అని. లాజిస్టిక్ అంటే ఒక్కో అంశానికి ఇంత బరువని లెక్కేసి కూడే సాదా మోడల్, ఎక్స్‌జీబూస్ట్ అంటే బోలెడు చిన్న డెసిషన్ ట్రీలు కలిసి తీర్పిచ్చే మోడల్.

ముందు అక్యురసీ చూసి మురిసిపోకండి. ఎవరూ మానెయ్యరు అని కళ్లు మూసుకుని చెప్పినా 68 శాతం కరెక్టే అవుతుంది. మానేసేవాళ్లలో ఎంతమందిని పట్టుకుందో, అంటే రీకాల్, అది చూడాలి.

ఎక్స్‌జీబూస్ట్‌కి ఉన్న ప్లస్ ఏంటంటే, వయసు ఎక్కువై పైగా ఫీజు బాకీ కూడా ఉంటే, అలాంటి మెలికలు దానంతటదే పట్టేస్తుంది, లాజిస్టిక్‌కి అవి మనమే తయారుచేసి ఇవ్వాలి. స్కోరులో కాస్త ముందుంటే ఉండొచ్చు. కానీ ఆ లిస్ట్ చివరికి వెళ్లేది మెంటర్ మేడమ్ చేతికి కదా, "ఈ అబ్బాయి రిస్క్ 0.81" అంటే ఆవిడేం చేస్తుంది పాపం? ఫీజు కట్టలేదు, ఫస్ట్ సెమ్‌లో ఆరు సబ్జెక్టులకి రెండే పాసయ్యాడు, అందుకే లిస్టులోకొచ్చాడు అంటే ఫోన్ తీసి మాట్లాడుతుంది. ఏ అంశం రిస్క్‌ని ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే షాప్ వాల్యూస్ ఉన్నాయిగా అంటారు, ఉన్నాయి, కానీ వాటిని స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని వివరించి చూడండి తెలుస్తుంది. నా ఓటు లాజిస్టిక్‌కే.

నన్నడిగితే దానికన్నా పెద్ద తేడా, ఎప్పుడు ప్రెడిక్ట్ చేస్తున్నాం అన్నది. సెకండ్ సెమ్ కాలమ్స్ కూడా కలిపేస్తే స్కోరు ఎగిరిపోతుంది, కానీ అప్పటికి వాడు పరీక్షలే రాయకుండా ఇంటికెళ్లిపోయి ఉంటాడు, ఇంక ప్రెడిక్షన్ ఏంటి అది పోస్ట్‌మార్టం. పోనీ అడ్మిషన్ రోజే చెప్పేద్దామంటే చేతిలో ఉండేది తల్లి చదువు, తండ్రి ఉద్యోగం లాంటివే ఎక్కువ, వాటితో పిల్లాడి మీద ముద్ర వేసేయడం నాకైతే నచ్చదు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు వాడే రిస్క్ స్కోర్‌లో జాతిని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారని 2021లో బయటపడింది. ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ రాగానే రన్ చెయ్యడం మేలు, చెయ్యడానికి టైమూ ఉంటుంది, చెప్పడానికి కారణమూ ఉంటుంది.

ఫీజు కాలమ్‌తో కూడా జాగ్రత్త, మానేసినవాడు ఎలాగూ ఫీజు కట్టడు, ఆ ఎంట్రీ ఏ తేదీ నాటిదో తెలియకుండా నమ్మొద్దు. ఇంకోటి, అందులో "డేటైమ్/ఈవెనింగ్ అటెండెన్స్" అని ఉంటుంది, అది హాజరు శాతం అనుకునేరు, పగటి క్లాసులా సాయంత్రం క్లాసులా అంతే. నిజమైన అటెండెన్స్ ఆ డేటాలో లేనే లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 75 శాతం రూల్ పుణ్యమా అని అది రోజూ ఎక్కుతూనే ఉంటుంది, మిడ్ మార్కులూ సెమ్ మధ్యలోనే వస్తాయి. ఇక్కడ చేసేవాళ్లు ఆ రెండిటితో మొదలుపెట్టండి, హాజరు తగ్గినవాళ్ల కండోనేషన్ లిస్ట్ నోటీస్ బోర్డెక్కేదాకా ఆగక్కర్లేదు.